డెబ్బై అయిదు డిగ్రీల గది

ఉదయం తొమ్మిదీ పదికి గుడ్ న్యూస్ వచ్చింది. ఇయర్‌మఫ్స్‌లోకి.

"వీరభద్రం, ఎవాన్ నీ షాపుకే వస్తున్నాడు," అంది చీఫ్ రాధారాణి.

2009 ఫిబ్రవరి. మిన్నెసోటా ఉత్తరపు అంచు. గడ్డకట్టిన సరస్సు మధ్యగా కెనడా సరిహద్దు. ఆరు నెలలుగా వీరభద్రం ఇక్కడ జోసఫ్ అనే మెకానిక్. మంచు మీద పరుగెత్తే స్నోమొబైళ్ల మాడిఫై చేసిన ఇంజన్లను డైనో అనే కొలత యంత్రానికి బిగించి, హార్స్‌పవర్ కొలిచి, ట్యూన్ చేస్తాడు. ఆ రొదకి పెట్టుకునే ఇయర్‌మఫ్స్‌లో రేడియో ఉందని ఎవరికీ తెలియదు.

"మన ఏజెంట్లు పదకొండు మంది పేర్లు, ఇంటి అడ్రస్‌లు వాడి దగ్గరున్న ఒక చిప్‌లో ఉన్నాయి. అవతలి ఒడ్డున విదేశీ ముఠా కాచుకుని ఉంది. చిప్ దాటితే వారంలో పదకొండు శవాలు."

"షాపులోనే పట్టుకుంటే?"

"ఎక్కడ దాచాడో వాడి పక్కనే ఉన్న మన షెరిన్‌కి కూడా తెలీదు. బండి బయల్దేరేటప్పుడే తీస్తాడు. నూట పది మైళ్ల స్పీడ్‌ని మన గస్తీవాళ్లు అందుకోలేరు. సరిహద్దుకి ముందే ఇంజన్ చావాలి. నడిపేది వాడే. జాలిపడకు."

పావుగంటలో వ్యాన్ ఆగింది. ఎవాన్‌కి ఇరవై ఆరేళ్లు. టెక్సాస్‌లోని కాపెల్‌లో, తెలుగింట్లో పెరిగినవాడు, చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. వెనకాల ఎర్ర ఫర్ కోటులో షెరిన్. రెప్పల మీద మంచు పలుకులు. ముఠా దృష్టిలో ఆమె ఎవాన్ ప్రియురాలు. రాధారాణి దృష్టిలో, రెండేళ్లుగా శత్రువు ఇంట్లో కూర్చున్న ఏజెంట్. కార్బురేటర్ విప్పడం ఆమెకు నేర్పింది వీరభద్రమే.

"అంకుల్, ఎయిట్ థౌజండ్ ఆర్‌పీఎం దాటితే బండి ఏడుస్తుంది. ఫిక్స్ చేయండి ప్లీజ్," అన్నాడు ఎవాన్ మర్యాదగా. "పాత మెకానిక్ పెట్రోల్ వదిలే జెట్లు చిన్నవి వేశాడు. పెట్రోల్ తక్కువ, పిస్టన్ కరిగింది. సో అతని వేళ్లు బెల్ట్‌లో పెట్టాను. త్రీ ఫింగర్స్. సారీ కూడా చెప్పాను."

వీరభద్రం ఇంజన్ విప్పాడు. గాలి లోపలికి వెళ్లే దారిలో రీడ్ అనే పల్చటి రేకు చిట్లి ఉంది. కొత్తది వేశాడు. ఎవాన్ పిస్టల్ ఒళ్లో పెట్టుకుని ప్రతి స్క్రూ చూశాడు.

"చలి చంపేస్తోంది అంకుల్. హీటర్ పెంచండి. ఆ ఫ్యాన్ కూడా ఆపేయండి."

వీరభద్రం బయటి గాలిని లోపలికి లాగే ఫ్యాన్ ఆపాడు, హీటర్ పెంచాడు. గది వెచ్చబడింది. జెట్లు మార్చి మార్చి, ఇంజన్‌ని ఆరుసార్లు ఫుల్ థ్రాటిల్‌లో పరుగెత్తించాడు. నూట డెబ్బై ఒక్క హార్స్‌పవర్. పెట్రోల్ సరిగ్గా కాలిందో లేదో రంగుతో చెప్పే స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే, ఇంత పనిలోనూ అతనికి ముచ్చటేసింది.

"రంగేంటి?" అంది షెరిన్.

"ఫిల్టర్ కాఫీ."

అది కోడ్ వర్డ్. అంతా ప్లాన్ ప్రకారమే.

ఎవాన్ ప్లగ్‌ని తనూ చూసుకుని, తృప్తిగా కార్బురేటర్లకు సీలు వేశాడు. ఇంజన్‌ని బండికెక్కించి ఒడ్డుకు తోశారు. అప్పుడు హెల్మెట్ తీసి షెరిన్‌కి ఇచ్చాడు.

"నువ్వు వెళ్లు బేబ్. నాకు చలి."

బూటు మడమలోంచి చిప్ తీసి ఆమె జేబులో వేశాడు. రెండో చేయి పిస్టల్ మీదే ఉంది.

షెరిన్ వీరభద్రం వైపు తిరిగింది. "అంకుల్, బయటి చలికి జెట్లు ఏమన్నా మార్చాలా?"

సమాధానం ఆమెకు తెలుసు. గడ్డకట్టే గాలి చిక్కగా ఉంటుంది, దానికి పెట్రోల్ ఎక్కువ కావాలి. వెచ్చటి గదిలో కుదిరిన జెట్లు ఇక్కడ పిస్టన్‌ని కరిగిస్తాయి. నూట పది మైళ్ల వేగంలో. తనంతట తాను మధ్యలో ఆగితే ఎవాన్ వాకీటాకీలో పిలుస్తాడు, గస్తీకంటే ముందే ముఠా ఆమెను చేరుకుంటుంది.

పదకొండు మంది.

"అక్కర్లేదమ్మా," అన్నాడు వీరభద్రం. "వెళ్లిరా."

షెరిన్ నవ్వి, హెల్మెట్ పెట్టుకుంది. బండి తెల్లటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

ఎవాన్ డైనో గదిలోకి పరుగెత్తి, కోటు గుమ్మం బయట తగిలించి, పిస్టల్ పక్కన పడేసి, హీటర్ ముందు చేతులు చాపాడు. నూట డెబ్బై ఒకటి చూసి మురుద్దామని డైనో షీట్ తీసుకున్నాడు. అంకె కింద చిన్న అక్షరాలు: గది ఉష్ణోగ్రత 75 ఫారెన్‌హీట్.

కిటికీ అవతలి థర్మామీటర్ మైనస్ ఇరవై నాలుగు చూపిస్తోంది.

ఎవాన్ షీట్ పడేసి గుమ్మం వైపు ఉరికాడు. వాకీటాకీ కోటులో ఉంది. అతను గుమ్మం చేరేలోపు ఇనప తలుపు మూసుకుంది.

"అంకుల్, ఓపెన్ చేయండి."

వీరభద్రం తలుపు బయటి స్విచ్‌తో హీటర్ ఆపాడు. ఫ్యాన్ ఆన్ చేశాడు. మైనస్ ఇరవై నాలుగు హోరుమంటూ లోపలికి వచ్చింది.

"ఇదీ బయటి గాలి, బాబూ. ముందే పీల్చి ఉంటే నీకు తెలిసేది. సారీ."

తలుపు మీద పిస్టల్ రెండుసార్లు పేలింది. తరువాత వేళ్లు ట్రిగ్గర్ మీద వంగలేదు.

సరస్సు మీద, సరిహద్దుకి నాలుగు వందల గజాల ముందు, పిస్టన్ కరిగి, బండి కింది ట్రాక్ బిగుసుకుపోయింది. గస్తీవాళ్లకి చిప్ దొరికింది. షెరిన్ అరవై గజాల దూరంలో దొరికింది.

సాయంత్రం ఆస్పత్రిలో ఆమె కుడికాలు పైకి కట్టి ఉంది. ఆ కాలి రెండు వేళ్లు తీసేశారు.

"ఏ జెట్ వేసి ఉండాల్సింది?"

"ఫోర్ సిక్స్టీ."

"వేసింది?"

"ఫోర్ ట్వంటీ."

"ఇంజన్ సరిహద్దు దాటదని లెక్క సరిగ్గానే వేశాను అయితే." కళ్లు మూసుకుంది.

ఫోన్‌లో రాధారాణి గొంతు: "చిప్ మనకి చిక్కిందని తెలియక ముఠా ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. రేపు పది గంటలకు, వ్యాన్‌లో ఉన్న ఎవాన్ రెండో బండి మీద, ఎవాన్ హెల్మెట్‌లో, ఖాళీ చిప్‌తో మనవాడొకడు వెళ్లి వాళ్లని పట్టించాలి. ఎవరు నడుపుతారు?"

షెరిన్ కళ్లు తెరిచింది.

"అంకుల్ నడుపుతారు మేడమ్. నేను వీల్‌చెయిర్‌లో కూర్చుని ట్యూన్ చేస్తాను. గది కాస్త వెచ్చగా పెట్టమనండి, నాకు చలి."