పిన్ని నేర్పిన ‘స’

హోటల్ లాబీలో మూడో ఏజెంట్ రిసెప్షనిస్టును శత్రువుల భాషలో తడుముకోకుండా పలకరించాడు. మరుక్షణం సైలెన్సర్ బిగించిన పిస్టల్ పేలింది. పాస్‌పోర్టు, మారువేషం, పెట్టుడు మీసం అన్నీ పక్కాగానే ఉన్నాయి. అయినా పోయాడు.

"ఎలా పట్టేస్తున్నారో అంతు చిక్కట్లేదు," అన్నాడు చీఫ్. "మన రేవులో బాంబు పెట్టారు, రేపు అర్ధరాత్రికి పేలుతుంది. ఆపాలంటే వాళ్ల ఆపరేటర్‌కి ఫోన్‌లో కోడ్ వాక్యం చెప్పాలి. యాసలో తేడా వస్తే పేల్చేస్తాడు. నువ్వెళ్లు."

ఏజెంట్ పిల్లికి ఆశేమీ లేదు. పోయిన ముగ్గురూ తనలాగే పిన్ని శిష్యులు. ఏజెన్సీలో ఉచ్చారణ నేర్పేది ఆవిడే. నాలుక ఎక్కడ ఆనాలి, ఏ అక్షరానికి ఎంత ఊపిరి వదలాలి, అన్నీ ఆవిడ నోరు చూసే నేర్చుకున్నారు. "గొంతు మీద వేలు పెట్టి చూడు. ‘జ’కి వణుకుతుంది, ‘స’కి వణకదు," అని పసిపిల్లలకు చెప్పినట్టు చెప్పేది.

సరిహద్దు అవతల క్లబ్బులో నెమలి ఎదురైంది. పచ్చ గౌను, ఖరీదైన నవ్వు. రెండు పక్షాల జీతమూ తినే డబుల్ ఏజెంట్. కోడ్ వాక్యం చెప్పి, అతని చేత ఒకసారి అనిపించి మొహం మాడ్చుకుంది.

"మీవాళ్లంతా ‘స’ అంటే సన్నగా ఈల వేస్తారు. ఇక్కడివాళ్లు దాంతోనే పట్టేస్తున్నారు. మీకు నేర్పినావిడకి ముందు పళ్లున్నాయా?"

ఒకటి లేదు. ఎప్పుడో ఊడింది. ఆ సందులోంచి వచ్చే గాలిని కూడా శిష్యులు శ్రద్ధగా నేర్చుకున్నారు.

"నాలుక కొంచెం వెనక్కి లాగు. మళ్లీ అను."

దవడలు పీకేదాకా అన్నాడు. ఫోన్ ఎత్తి వాక్యం చెప్పాడు. "సరే, ఆపేశాం," అన్నాడు అవతలి ఆపరేటర్. గడువుకు రెండు సెకన్లే మిగిలాయి.

రేవు దక్కింది. కానీ ఇంకో ఇద్దరు ఏజెంట్లు ఆ దేశంలోనే ఉన్నారు. ఎక్కడున్నారో చీఫ్‌కీ తెలియదు, కబురు పంపే దారీ లేదు. ఇవాళో రేపో ఎవర్నో మర్యాదగా పలకరిస్తారు, అంతే సంగతులు.

తిరిగొచ్చినవాళ్ల చేత ఒక వాక్యం పలికించి చూడటం పిన్ని అలవాటు. పిల్లి పలికాడు.

"ఇది నేను నేర్పినట్టు లేదేరా," అంది ఆవిడ చిన్నబుచ్చుకుని.

పూటకో అబద్ధం అలవోకగా ఆడే ఆ నోటికి, అప్పుడు ఒక్కటీ దొరకలేదు.

"లేదు పిన్నీ," అన్నాడు. "అందుకే తిరిగొచ్చాను."