ఎడమచేతి కుట్టు

వచ్చినావిడ భయపడుతున్నట్టు లేదు, ఏడ్చినట్టూ లేదు. తడిసిన గొడుగు మూలన పెట్టి, చూపించిన కుర్చీలో కూర్చుని, తన చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయింది. టైపిస్టు ఉద్యోగానికి నీళ్లొదిలి డిటెక్టివ్ దగ్గర చేరిన నాటినుంచి అసిస్టెంట్ ఇలాంటివాళ్లను కొందరిని చూశాడు. దెబ్బ తగిలిందని తెలుసు, నొప్పి ఇంకా తెలియదు.

మ్యూజియంలో పాత తోలు వస్తువులను బాగుచేసి భద్రపరచడం తన పని అని చెప్పిందావిడ. ఆ మధ్య చనిపోయిన ఒక పెద్దాయన తమ ఇంట్లో తరాలుగా ఉన్న వేట సంచిని మ్యూజియానికి రాసిచ్చాడు. ఆయన తాత స్వయంగా తోలు కోసి, కుట్టి, భుజాన వేసుకుని అడవులు తిరిగిన సంచి అది. శుభ్రం చేయమని ఈవిడకు అప్పగించారు. చేయి వేసేముందు ప్రతి అంగుళం ఫోటో తీసుకుంది. తీరా అద్దాల పెట్టెలో పెట్టాల్సిన రోజు బీరువా తెరిస్తే లోపల వేరే సంచి ఉంది. తనే వెళ్లి క్యూరేటర్‌తో చెప్పింది. తాళం ఈవిడ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు కాబట్టి, మర్యాదగా రాజీనామా చేస్తే పోలీసుల దాకా పోనివ్వనని ఆయన అన్నాడు.

"మారిందని ఎలా పోల్చారు?" అని అడిగాడు డిటెక్టివ్.

"కుట్టు చూసి. అసలుది ఎడమచేతివాటం మనిషి కుట్టింది. దారం ఎడమకు వాలి ఉంటుంది. ఇది కుడికి వాలింది. మిగతాదంతా అచ్చు గుద్దినట్టే ఉంది."

ఆమె గొంతులో హెచ్చుతగ్గులేమీ లేవు, ఎవరి గురించో చెబుతున్నట్టుంది. ఆ సంచిని ఇంకెవరు చూశారని డిటెక్టివ్ అడిగితే, పెద్దాయన కొడుకూ, పెద్దాయన అక్కగారూ కలిసి ఒకసారి వచ్చారంది. తోలు మెత్తబరుస్తాననీ, ఊడిన మూత బిగిస్తాననీ, పట్టీ చివర కుక్క కొరికిన గాట్లు పూడ్చి నున్నగా చేస్తాననీ వాళ్లకు వివరించింది. కొడుకు సంచి ఇచ్చేయమని క్యూరేటర్‌తో గొడవపడి వెళ్లాడు. కొన్నాళ్ల తరవాత ఆ అక్కగారు ఒంటరిగా వచ్చారు. అద్దాల వెనక్కి పోయేలోపు తమ్ముడి సంచిని ఒక్కసారి చూసుకుంటానంటే, ఆవిడను లోపల కూర్చోబెట్టి తను వరండాలో నిలబడింది.

"ఆ సంగతి క్యూరేటర్‌కి చెప్పారా?"

"లేదు. అంత పెద్దావిడను అనుమానించడానికి మనసొప్పలేదు."

మర్నాడు డిటెక్టివ్, అసిస్టెంట్ మ్యూజియం వెనక గదిలో ఆ నకిలీ సంచిని చూశారు. అసిస్టెంట్ దీపం పట్టుకుంటే డిటెక్టివ్ లోపలి అస్తరు కొంచెం లేపాడు. తోలు నిజంగానే పాతది. అంచు పొడుగునా సమాన దూరంలో సన్నని రంధ్రాల వరస ఉంది. కొత్త కుట్టుకు వాటితో సంబంధం లేదు. ఒక్కో రంధ్రం చుట్టూ తుప్పు మరక ఉంది. తరవాత డిటెక్టివ్ అసలు సంచి ఫోటోలు అడిగి తీసుకుని, పట్టీ చివరి భాగాన్ని భూతద్దంలో చాలాసేపు చూశాడు. అవి చిన్న చిన్న నొక్కులు. లోతు లేదు. పక్కపక్కనే వంపు తిరిగి ఉన్నాయి.

"ఏం కనపడుతోంది?" అన్నాడు.

"కుక్క కొరికినట్టే ఉంది సార్," అన్నాడు అసిస్టెంట్. డిటెక్టివ్ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

అక్కణ్ణుంచి పెద్దాయన ఇంటికి వెళ్లారు. కొడుకు మనసులో మాట దాచుకునే రకం కాదు. సంచి పోయినందుకు మ్యూజియం వాళ్లను తిట్టాడు, దాన్ని దానం చేసినందుకు చచ్చిపోయిన తండ్రినీ తిట్టాడు, తన మీద అనుమానమైతే ఇల్లంతా వెతుక్కోమన్నాడు. అతని మేనత్త కిటికీ పక్కన పడక కుర్చీలో కూర్చుని ఉంది. చేతులు శాలువాలోంచి బయటికి తీయలేదు. ఆవిడ కుర్చీ గురించి డిటెక్టివ్ అడిగేదాకా అసిస్టెంట్ దానివైపు చూడనే లేదు. చేతులు ఆనిన చోట కర్ర అరిగి నల్లబడింది. గుడ్డ మాత్రం కొత్తది, మేకుల తలలు తళతళలాడుతున్నాయి. ఆ కుర్చీ తన పెళ్లినాటిదని చెప్పిందావిడ. వెళ్లబోతూ డిటెక్టివ్ ఇంట్లో కుక్క ఏదైనా ఉండేదా అని అడిగాడు. నాన్నకు కుక్కలంటే పడదనీ, తాతల కాలం నుంచి ఆ గడపలోకి కుక్క రాలేదనీ కొడుకు చెప్పాడు.

తరవాతి రోజు డిటెక్టివ్ అందరినీ మ్యూజియం వెనక గదికి పిలిపించాడు. క్యూరేటర్ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. మేనత్త ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. బీరువా తాళం మ్యూజియం ఉద్యోగిని ఒక్కరి దగ్గరే ఉంది గనక నేరం ఆవిడదే అనుకున్నారనీ, కానీ దొంగే వచ్చి సంచి మారిందని ఎందుకు చెబుతుందో ఎవరూ ఆలోచించలేదనీ డిటెక్టివ్ మొదలుపెట్టాడు.

నకిలీ సంచి తోలు మీద ఉన్నవి కుర్చీ మేకుల రంధ్రాలు. ఏళ్ల తరబడి కుర్చీకి కొట్టి ఉన్న తోలును విప్పి ఈ సంచి కుట్టారు. అసలుది ఎదురుగా లేకుండా అచ్చంగా అలాంటిదే కుట్టాలంటే, దాన్ని కళ్లు మూసుకుని కూడా గుర్తుపట్టగలిగిన మనిషి అయ్యుండాలి. కుట్టుపని రావాలి. కుడిచేతివాటం కావాలి. దాంతో ఒంటరిగా కాసేపు గడిపి ఉండాలి.

"ఎందుకన్నదే నాకు మొదట అంతుపట్టలేదు," అన్నాడు డిటెక్టివ్. "సంచి కావాలనుకుంటే తమ్ముడు పోయిన రోజే దాచేసేవారు. గాట్లు పూడుస్తారని విన్నాకే ఈ పని మొదలైంది. కుక్క కొరికితే కోరలు దిగిన గుంటలు పడతాయి. ఆ ఇంట్లో కుక్కే లేదు. ఫోటోలో ఉన్నవి పాలపళ్ల గుర్తులు."

మేనత్త శాలువాలోంచి చేతులు బయటికి తీసింది. వేళ్ల నిండా దారం కోసిన గీతలున్నాయి. గుడ్డసంచిలోంచి వేట సంచి తీసి బల్లమీద పెట్టింది.

"కుట్టడం తాత నేర్పాడు," అంది. "తన ఎడమచేతివాటం మాత్రం నాకు రాలేదు."

"అత్తయ్యా, నీకు పిల్లలు లేరు కదా?" అన్నాడు కొడుకు.

"ఉండేవాడు. నువ్వు పుట్టకముందు. జ్వరంతో పోయాడు. వాడి ఊసెత్తితే నేను తట్టుకోలేనని ఇంట్లో అందరూ అనుకున్నారు. అలా అలవాటైపోయింది."

క్యూరేటర్ గొంతు సవరించుకుని, అడిగితే గాట్లు వదిలేసేవాళ్లం కదా అన్నాడు.

"అడిగితే ఎందుకని అడుగుతారు. చెప్పాలి. చెప్పడం ఎలాగో తెలీలేదు." తరవాత ఆవిడ మ్యూజియం ఉద్యోగిని వైపు తిరిగింది. "ఎవరూ పోల్చలేరనుకున్నానమ్మా. నీ మెడకు చుట్టుకుంటుందనుకోలేదు. చుట్టుకుందని తెలిశాక కూడా నోరు పెగల్లేదు. అది నా తప్పే."

క్యూరేటర్ క్షమించమన్నాడు, రాజీనామా మాట మరిచిపొమ్మన్నాడు. ఆ ఉద్యోగిని ఆయన మాటలు విన్నదో లేదో అసిస్టెంట్‌కి తెలియలేదు. ఆమె పలచని చేతితొడుగులు వేసుకుంది. దీపం దగ్గరికి లాక్కుని, సంచిని వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

"నాకు మీమీద కోపం రావాలి," అంది మేనత్తతో. "వస్తుందేమో. ఇంకా రాలేదు."

మెత్తటి కుంచెతో పట్టీ మీద దుమ్ము దులపడం మొదలుపెట్టింది. గాట్ల దగ్గరికి వచ్చేసరికి కుంచె ఆగింది.

"వీటి జోలికి పోను. కానీ ఇక్కడ తోలు పలచబడింది, బాబు ఎటునుంచి లాగేవాడో తెలిస్తే అటువైపు ఆసరా ఇస్తాను. ఎలా పట్టుకునేవాడు?"

డిటెక్టివ్ అసిస్టెంట్‌కి సైగ చేశాడు. ఇద్దరూ తలుపు దగ్గరికి నడిచారు. అసిస్టెంట్ వెనక్కి తిరిగి చూసేసరికి, మేనత్త కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుని, గీతలు పడ్డ చేత్తో పట్టీని అందుకుంటోంది.

"ఇలా తలకింద పెట్టుకునేవాడు," అని చెబుతోంది.