ఖాలిక్ సంతకం

"ఆంటీ... ఆంటీ! కాగితం కాలుతాంది!"

ఆఫ్షీన్ కేకకు నాగమణి ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది! దళసరి కాగితం మీద తేదీ రాస్తున్న బర్నింగ్ పెన్ను ఒకేచోట ఆగిపోయి, 'ఫిబ్రవరి' పక్కన నాలుగు అంకె ఉండాల్సిన చోట నల్లటి చిల్లు పడింది. దాని అంచు నుంచి సన్నగా పొగ లేస్తోంది. నాగమణి ముఖం పాలిపోయింది.

"ఏమైంది ఆంటీ? పానం మంచిగ లేదా?"

"ఏం లేదమ్మా... కాస్త కళ్లు తిరిగాయి. మీ నాన్నగారికి యాక్సిడెంట్ ఎక్కడ జరిగిందన్నావు?"

"అత్వెల్లి కాడనే ఆంటీ, మా ఊరి మలుపుల. పాలకూర, తోటకూర మూటలు బండికి కట్టుకొని పొద్దుగాల ఆరింటికి మేడ్చల్ మార్కెట్‌కు పోతుండె. ఎనకకెల్లి తెల్ల కారు గుద్దింది. పొలంల ఉన్న ఒక ముసలవ్వ చూసింది... కారు జరసేపు ఆగి, మల్ల పోయిందంట. ఆ అవ్వ నడవలేక నడుచుకుంట వచ్చి మందిని పిలిచేవరకు గంట అయింది. జల్దీ తెస్తే బతికెటోడు అని డాక్టర్ అన్నడు ఆంటీ..."

ఆ పిల్ల చున్నీతో కళ్లు ఒత్తుకుంది. నాగమణి ఆమెను ఓదార్చలేకపోయింది. శుక్రవారం ఆల్బమ్ తనే ఇంటికి తెచ్చి ఇస్తానని చెప్పి పంపేసి, తలుపు వేసుకుని, ఆ తలుపుకే ఆనుకుని కూలబడిపోయింది!

కోస్తా నుంచి వచ్చి నగర శివారు యాప్రాల్‌లో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. భర్త జానకిరామయ్య ప్రభుత్వ ఉద్యోగి. ఒక్కగానొక్క కొడుకు సుజిత్, కండ్లకోయ ఐటీ పార్కులో పని. ఇల్లు చక్కబెట్టుకున్నాక మిగిలిన పొద్దంతా నాగమణి జ్ఞాపకాల ఆల్బమ్‌లు తయారుచేసేది. చిన్న పెన్నులాంటి ఆ కరెంటు పరికరం వేడెక్కితే చాలు, ఆమె చేతిలో కాగితానికి ప్రాణం వచ్చేది. సన్నటి ఇత్తడి మొనతో అక్షరాలు కాల్చి రాసేది. చాకులాంటి మొనతో ట్రేసింగ్ కాగితాన్ని కిటికీల్లా కోసి, ఆ కిటికీల వెనుక ఫొటోలు అమర్చేది. పేజీల అంచులు గోధుమరంగుకు తిప్పి పాత ఉత్తరాల్లా చేసేది. రిబ్బను కొసలు పోగులూడకుండా కరిగించి మూసేది. కండ్లకోయ కాలేజీలో పెట్టిన ప్రదర్శనలో అవన్నీ చూసే ఆఫ్షీన్ ఆమె ఫోన్ నంబరు తీసుకుంది. ఫిబ్రవరిలో తండ్రి బర్సీ, మొదటి సంవత్సరీకం... ఆ రోజుకు తల్లి సకీనా చేతిలో ఆయన ఆల్బమ్ పెట్టాలని ఆ పిల్ల కోరిక. పాపం, ఉన్న ఫొటోలు అయిదే అయిదు!

ఫిబ్రవరి నాలుగు... ఆ రోజు రథసప్తమి! నాగమణి ఎలా మరిచిపోతుంది? బాల్కనీలో పాలు పొంగించి పరమాన్నం వండుతుంటే, స్నేహితుడి పెళ్లికని కామారెడ్డి వెళ్లిన సుజిత్ ఏడు దాటాక ఇంటికి వచ్చాడు. తెల్ల కారుకు ముందు దీపం పగిలిపోయి ఉంది. కుక్క అడ్డొచ్చిందన్నాడు. ప్రసాదం ముట్టలేదు. మూడు రోజులు జ్వరంతో మూలిగాడు. కారు బాగుచేయించడానికి జానకిరామయ్య ఎక్కడో సంగారెడ్డి దాకా తీసుకెళితే, అంత దూరమెందుకని తను నవ్వింది కూడా! భగవంతుడా... తను నవ్వింది!

సాయంత్రం భర్త బూట్లు విప్పుతుండగానే అడిగేసింది.

"ఏమండీ! ఆ రోజు కారు కింద పడింది కుక్కేనా?"

జానకిరామయ్య చేతులు లేసు దగ్గరే ఆగిపోయాయి. ఆయన తలెత్తలేదు. ఆ తలెత్తకపోవడంలోనే నాగమణికి అంతా అర్థమైపోయింది!

"మీకు తెలుసు... పది నెలల నుంచి తెలుసు! నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే తట్టుకోగలవా? ఒక్కగానొక్క కొడుకు నాగమణీ! జైలుకు పంపి ఏం బావుకుంటాం? పోయిన మనిషి తిరిగొస్తాడా?"

"ఆయన పేరు ఖాలిక్! ఆయన కూతురు పొద్దున ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చింది! మన వాడి వయసుకు రెండేళ్లు తక్కువ దానికి..."

మాటలు విని సుజిత్ గదిలోంచి బయటికి వచ్చాడు. తల్లి ముఖం చూశాడు. కుర్చీలో ఉన్న ఆమె ఒళ్లో తలపెట్టి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఆపానమ్మా... కారు ఆపాను! అద్దంలో చూశాను. ఆయన చెయ్యి కదిలింది. దిగుదామనే తలుపు తీశాను... ఎవరో అరిచారు. కొడతారని భయమేసింది. పారిపోయానమ్మా!"

చెయ్యి కదిలింది! ఆ మాట నాగమణి గుండెలో గునపంలా దిగింది. కొడుకు తల నిమరబోయిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నిమరలేకపోయింది... తోసెయ్యలేకపోయింది...

మర్నాడు ఆమె మామూలుగానే లేచింది. వండింది, వడ్డించింది, మళ్లీ డైనింగ్ టేబుల్ దగ్గర పెన్ను వేడిచేసుకుని కూర్చుంది. అయిదు ఫొటోలకు ఇరవై పేజీలు! మిగిలిన పేజీలన్నీ ఆఫ్షీన్ చెప్పిన మాటలతోనే నింపింది. ఆకుకూర మూటలతో బండి, బోరు దగ్గర కాళ్లు కడుక్కుంటున్న మనిషి, కూతురిని కాలేజీ బస్సు ఎక్కించి చెయ్యి ఊపుతున్న తండ్రి... ఎన్నడూ చూడని ఆ మనిషిని గీత గీతగా కాగితం మీద కాల్చి తెచ్చింది. ఒక్కోచోట కన్నీటిబొట్టు పడి వేడి మొన చుయ్యిమనేది. వేళ్ల మీద బొబ్బలు లేచాయి. మందు రాసుకోలేదు.

చివరి పేజీకి ఆఫ్షీన్ తన పదో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఇచ్చివెళ్లింది. దాని మీద ఖాలిక్ సంతకం ఉంది. వంకర టింకర తెలుగు అక్షరాలు, చివరి 'క్' కింద పొడవుగా సాగిన గీత. నాగమణి దాన్ని పెన్సిల్‌తో దించుకుని, ఊపిరి బిగబట్టి కాల్చసాగింది. వెనకాల ఎవరో నిలబడ్డట్టు అనిపించి తిరిగి చూసింది. సుజిత్! మూడు రోజులుగా అన్నం ముద్ద దిగక పీక్కుపోయిన ముఖం.

"ఆయనదేనా అమ్మా?" అన్నాడు వినపడీ వినపడనట్టు.

"ఆయనదే."

సుజిత్ చాలాసేపు ఆ అక్షరాలను చూశాడు. "ఇది ఇవ్వడానికి నువ్వొక్కదానివే వెళ్లకు. నేనూ వస్తాను... తర్వాత పోలీస్ స్టేషన్‌కు వెళదాం."

నాగమణి పెన్ను కింద పెట్టింది. పది నెలల కిందట పోగొట్టుకున్న కొడుకు ఇప్పుడు దొరికాడు... దొరికిన క్షణానే చేజారిపోతున్నాడు!

"ఈ గడప దాటావంటే నాకు భార్యవు కావు! కన్నకొడుకు గొంతు కోసే తల్లివి నువ్వు!" జానకిరామయ్య గుమ్మానికి అడ్డం నిలబడి అరిచాడు. సుజిత్ తండ్రి కాళ్లకు దండం పెట్టి, పక్కనుంచి నెమ్మదిగా బయటికి నడిచాడు. నాగమణి ఆల్బమ్‌ను గుండెకు హత్తుకుని కొడుకు వెనకే వెళ్లింది.

అత్వెల్లిలో రెండు గదుల ఇల్లు. వాకిట్లో కొత్తిమీర కట్టలు కడుతున్న సకీనా చేతులు తుడుచుకుని లేచింది. "రాండ్రి అమ్మా, కూసోండ్రి. బేటీ, చాయ్ పెట్టు," అంది. ఆమె ఆల్బమ్ తీసుకుని ఒక్కో పేజీ తిప్పింది. బండి బొమ్మ దగ్గర చిన్నగా నవ్వింది కూడా. సంతకం దగ్గరికి వచ్చేసరికి, కాలిన గీతల మీద వేలు పెట్టి తడుముతూ గొల్లుమంది. "నా రాజా... నీ చేతిరాతనే!"

ఇక సుజిత్ ఆగలేకపోయాడు. ఆమె ముందు మట్టిలో మోకాళ్ల మీద కూలిపోయి, తెల్ల కారు తనదేనని చెప్పేశాడు!

చాయ్ కప్పు ఆఫ్షీన్ చేతిలోంచి జారిపోయింది. "మీ కొడుకా? మా నాయినను సంపినోని ఇంట్ల కూసొని... మీ చేతుల్తోటే ఆయన సంతకం కాల్చిండ్రా? తీస్కపోండ్రి! మీ బొమ్మలు మాకొద్దు!" అంటూ ఆల్బమ్ లాక్కుని వాకిట్లోకి విసిరేసింది. నాగమణి తల వంచుకుని నిలబడింది.

సకీనా మాత్రం అరవలేదు. సుజిత్ కళ్లలోకి చూస్తూ ఒకే ఒక్క మాట అడిగింది.

"నీళ్లడిగిండా?"

"నేను... నేను దగ్గరికి వెళ్లలేదమ్మా..."

"గదే అడుగుదామని ఇన్ని దినాలు ఎదురుసూసిన. ఎవ్వలన్న ఆయన నోట్ల సుక్క నీళ్లు పోసిండ్రా అని..." ఆమె లేచి వెళ్లి, ఆల్బమ్ తీసి కొంగుతో దుమ్ము తుడిచింది. "గిది మీ నాయినది బేటీ. ఎవ్వలు చేసినా ఆయనదే. ఇంట్ల పెట్టు." తర్వాత నాగమణి వైపు తిరిగింది. "పోండ్రి అమ్మా. ఠాణాకు పోండ్రి. ఇగ నా ముంగట ఉండకుండ్రి."

ఆ సాయంత్రమే సుజిత్ పోలీసులకు లొంగిపోయాడు. కారు బాగుచేయించి సాక్ష్యం దాచినందుకు జానకిరామయ్య మీదా కేసు పడింది, ఉద్యోగం నుంచి సస్పెండ్ చేశారు. ఆయన నాగమణిని ఇంట్లోంచి వెళ్లగొట్టలేదు, కానీ మాట ఆపేశాడు. ఏడు నెలలు! పెట్టింది తినేవాడు, లేచిపోయేవాడు. ఒక్క పిలుపు లేదు, ఒక్క తిట్టు లేదు. కాలనీలో ఆడవాళ్లు ఆమెను చూసి గుసగుసలాడుకునేవారు. కన్నతల్లేనా అని ఒకావిడ మొహం మీదే అడిగింది! ఆమె మళ్లీ పెన్ను పట్టుకోలేదు.

సుజిత్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. శిక్ష చెప్పే రోజు, తీర్పుకు ముందు ఏమైనా చెప్పుకుంటారా అని జడ్జిగారు సకీనాను అడిగారు. ఆమె బురఖా సర్దుకుని లేచింది. నాగమణి కళ్లు గట్టిగా మూసుకుంది.

"నా మొగడు గంటసేపు రోడ్డు మీద పడి ఉన్నడు సార్. గది నేను సచ్చేదాంక మర్సిపోను. మాఫ్ జేసిన అని నా నోటికెల్లి రాదు. శిక్ష పడాలె." ఆమె ఒక్కసారి కూతురి వైపు చూసింది. "గని... ఆ పిల్లగాన్ని పోలీసోళ్లు పట్టుకోలే సార్. పది నెలలైనా దొరకలే. కన్నతల్లి ఎంటబెట్టుకొని నా వాకిట్లకు తోల్కొచ్చింది. నా కొడుకే గిట్ల జేస్తే నేను తెద్దునో, లేదో... నాకు తెల్వదు. గది గూడ రాసుకోండ్రి."

నాగమణి కొంగు నోట్లో కుక్కుకుంది. సకీనా ఆమె వైపు చూడలేదు. కూతురి చెయ్యి పట్టుకుని, పక్క గుమ్మం గుండా వెళ్లిపోయింది.

మూడేళ్ల జైలు! సుజిత్‌ను పోలీసులు తీసుకెళుతుంటే అందరూ లేచారు. నాగమణి మాత్రం లేవలేకపోయింది. బెంచీ అవతలి కొస నుంచి జానకిరామయ్య వచ్చి, ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె రెక్క పట్టుకుని మెల్లగా లేపాడు.

"పద నాగమణీ... వ్యాను కదిలేలోపు వాణ్ని ఒక్కసారి చూద్దాం."

ఏడు నెలల తర్వాత ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టారు...