అందరికీ తెరిచిన ఫోల్డర్

"మా అమ్మాయి పొద్దున ఏమీ తినకుండా వెళ్లింది సార్. నాకెందుకో మనసు కీడు శంకిస్తోంది."

చీఫ్ ఫైలు మీంచి తలెత్తలేదు. ఆ రహస్య విభాగంలో 'పిన్ని' అనే కోడ్ నేమ్‌తో పనిచేసే ఆ ఏజెంటు, ఎండ కాస్తే వడదెబ్బ గురించీ మబ్బు పడితే పిడుగు గురించీ బెంగపడుతుందని అక్కడ అందరికీ తెలుసు. పదో తరగతితో చదువాపేసిన మనిషిని అన్నేళ్లుగా వదులుకోకపోవడానికి కారణం కూడా ఆ బెంగే. ప్రమాదమేమీ లేదని అందరూ తేల్చేసిన చోట ఆవిడ ఒక్కతే ఉందనేది. నిజంగానే ఉండేది. కూతురికి మాత్రం అమ్మ ఏదో ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుందని నమ్మకం.

"ఈసారి కీడు మీ ఇంటి నుంచే వచ్చేలా ఉంది," అన్నాడు చీఫ్.

కూర్చోమన్నా ఆవిడ కూర్చోలేదు. నిలబడే విన్నది.

ఊరికి మంచినీళ్లు పంపే సంస్థ డ్రాయింగ్ ఆఫీసు నుంచి నక్షాలు బయటికి పోతున్నాయి. కొంటున్నది విదేశీ ముఠా. ఏ గొట్టం ఎటు తిరుగుతుందో, ఏ వాల్వు మూస్తే ఏ పేట ఎండిపోతుందో, ఎక్కడ విషం కలిపితే ఎన్ని కొంపలు మునుగుతాయో అంతా వాటిలో ఉంది. ఇప్పటిదాకా పోయినవి ముక్కలు. ముక్కలన్నిటినీ కలిపే మాస్టర్ డ్రాయింగ్ ఆ సాయంత్రం ఆఫీసు మూసేలోగా పోతుందని, లోపలున్న తమ మనిషి కబురు చేసింది. ఆ ఆఫీసులో నెట్‌వర్క్ చూసుకునేది పిన్ని కూతురు.

"సర్వర్‌లో ఉన్న ఫోల్డర్‌ని ఎవరో ఒకరు నెట్‌వర్క్‌లో షేర్ చేస్తేనే ఇంకొకరు తీసుకోగలరు. అడ్మినిస్ట్రేటర్ తప్ప మామూలు యూజర్లకి షేర్ చేసే హక్కు లేదు. అక్కడ అడ్మినిస్ట్రేటర్ మీ అమ్మాయి ఒక్కతే."

"అది అలాంటి పని చెయ్యదు సార్."

"మిమ్మల్నే ఎందుకు పంపుతున్నానో తెలుసా? చేసిందని మీరు చెబితే, నేనిక ఇంకెవర్నీ అడగక్కర్లేదు."

సామగ్రి ఇచ్చారు. నెరిసిన విగ్గు, కెమెరా దాచిన కళ్లద్దాలు, లోపల వైర్‌లెస్ సెట్టున్న చెవిటి మిషను. 'వాన వచ్చేలా ఉంది' అని పిన్ని అంటే డ్రాయింగ్ కదిలిందని గుర్తు. లిఫ్టు రిపేరువాళ్ల వేషంలో ఉన్న నలుగురు మేడ మీదికి వెళ్లి ఆ పిల్లని పట్టుకుంటారు. మిగతా సంగతులు చీఫ్ చెబుతూనే ఉన్నాడు గానీ, పిన్ని చెవికెక్కలేదు. కడుపున పుట్టినదాన్ని పట్టించే మాటకి వాన అని పేరు పెట్టారే అనుకుంటోంది.

మధ్యాహ్నానికి ఆవిడ తాత్కాలిక టైపిస్టుగా డ్రాయింగ్ ఆఫీసులో కూర్చుంది. వేషం కోసం ఓ కాలు కాస్త ఈడుస్తూ నడిచింది. కూతురు ఉండే సర్వర్ గది పై అంతస్తులో ఉంది కనక ఎదురుపడే భయం లేదు. అయినా మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, పిన్ని తల కీబోర్డులోకి దూరిపోయేది.

ఆ ఆఫీసులో అందరి చూపూ ఒకావిడ మీదే. బయటి కంపెనీ తరఫున వచ్చిన డిజైన్ కన్సల్టెంటు. మనిషికన్నా ముందు సువాసన గదిలోకి వస్తుందని వెనకాల 'అత్తరు' అంటారు. పట్టుచీర నలగకుండా, మాట తొణక్కుండా తిరిగే ఆవిడే విభాగానికి కబురు చేసిన మనిషి. పిన్ని పక్కనుంచి వెళ్తూ పెన్ను కింద పడేసి, వంగి తీసుకుంటూ, మేడ మీది పిల్ల ఇవాళ చాలా కంగారుగా ఉందని గుసగుసలాడిపోయింది.

పిన్ని మేడ మెట్ల వైపు ఓసారి చూసి, మౌస్ దగ్గరికి లాక్కుంది.

శిక్షణలో ఆవిడకి నేర్పిన పాఠం ఒకటుంది. మామూలు యూజర్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే షేరింగ్ అన్న మాటే కనబడదు. ఇక్కడా కనబడకపోతే, చేసింది కూతురే. ఇంకో దారి లేదు. కొత్త ఫోల్డర్ ఒకటి తెరిచి, మౌస్ మీద వేలు పెట్టి, కళ్లు మూసుకుని నొక్కింది. కళ్లు తెరవడానికే ధైర్యం చాల్లేదు.

షేరింగ్ కనబడింది. నొక్కితే ఒప్పుకుంది. ఫోల్డర్ బొమ్మ కింద, దాన్ని మోస్తున్నట్టు ఓ చిన్న చెయ్యి మొలిచింది. ఎవరికి అన్నచోట 'అందరికీ' అని దానంతటదే పడిపోయింది.

పక్క సీటు డ్రాఫ్ట్స్‌మన్‌ని కదిలిస్తే కథంతా చెప్పాడు. ఒకప్పుడు ఏ ఫోల్డర్ షేర్ చెయ్యాలన్నా మేడెక్కి ఆ పిల్ల ముందు నిలబడాల్సి వచ్చేదట. టెండర్ల సీజన్‌లో జనం దాన్ని భోజనం కూడా చెయ్యనివ్వలేదట. చూసి చూసి విసిగిపోయి, ఓ రోజు సర్వర్‌లో స్టాఫ్ మొత్తాన్ని, షేర్ చేసే హక్కుండే పవర్ యూజర్స్ గ్రూపులో పడేసిందట.

"అప్పట్నుంచి ఎవరి ఫోల్డర్ వాళ్లే షేర్ చేసుకుంటాం. కన్సల్టెంట్లకీ ఇచ్చేసింది, మీకూ ఇచ్చేసింది. ఆ పిల్లది వెన్నలాంటి మనసండీ," అన్నాడు.

వెన్నలాంటి మనసు కాదు, వెర్రిబాగులతనం అనుకుంది పిన్ని. దొంగ కాదు నా తల్లి, తలుపులు బార్లా తీసి పడుకుందంతే. ఆ సంతోషం కాసేపే. మంచినీళ్ల కోసం లేచినట్టు లేచి, వరండాలో చెవిటి మిషన్ సర్దుకుంటూ చీఫ్‌కి చెప్పింది.

ఆయన గొంతు మారలేదు. "అందరి చేతికీ తాళంచెవి ఇచ్చేస్తే, దొంగతనం ఎవరి మీద పడుతుంది? కావాలనే చేసి ఉండొచ్చు."

పిన్ని వెనక్కి తిరిగింది. ఈమధ్య కూతురు ఇంట్లో ముభావంగా ఉండటం, ఆలస్యంగా రావడం, ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ తనని చూడగానే ఆపేయడం, అన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. ఆ క్షణంలో ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ ఆలోచన ఆగలేదు.

సీటుకొచ్చి సర్వర్‌లో షేర్ అయిన ఫోల్డర్ల జాబితా తెరిచింది. కొత్తవి, కొత్తవి రెండు, అసలైన కొత్తవి, పాప పుట్టినరోజు ఫోటోలు. షేర్ చేసి మరిచిపోయినవే అన్నీ. అట్టడుగున ఓ పేరు చివర డాలర్ గుర్తుంది. అలా పెడితే ఆ ఫోల్డర్ నెట్‌వర్క్‌లో వెతికేవాళ్లకి కనబడదు. పేరు తెలిసినవాళ్లే తీసుకోగలరు. మాస్టర్ డ్రాయింగ్ అందులో ఉంది. ఇంకా ఎవరూ తెరవలేదు. తెరిస్తే వాళ్ల పేరు పక్క గడిలో పడుతుంది.

ఇప్పుడే షేరింగ్ ఆపేస్తే ఊరు క్షేమం. కూతురు మాత్రం బతికినన్నాళ్లూ దోషిగానే మిగిలిపోతుంది. ఆగితే, క్షణం ఆలస్యమైనా ఊరి గొంతులో విషం. ఒకవేళ పడేది కూతురి పేరే అయితే? పిన్ని పమిట చెంగు వేలికి చుట్టుకుని, ఆ ఖాళీ గడి వైపే చూస్తూ కూర్చుంది. జనం సంచులు సర్దుకుంటున్నారు. ఎవరో ఫ్యాన్లు ఆపేశారు.

గడిలో పేరు పడింది.

'కన్సల్టెంట్'.

కళ్లద్దాల కెమెరా క్లిక్‌మంది. అదే క్షణంలో చెవిలో చీఫ్ గొంతు. "మన మనిషి ఫోన్ చేసింది. డ్రాయింగ్ కదిలిందట. వాన వచ్చేలా ఉందా?"

"సార్, దొంగ మీ మనిషే. అత్తరే. ఇటు మన జీతం, అటు వాళ్ల జీతం, నింద మా పిల్ల మీద."

"ఆవిడ మాట మీద లిఫ్టువాళ్లు మేడ ఎక్కేశారు."

పిన్ని మౌస్ నొక్కింది. ఈ ఫోల్డర్‌ని ఎవరో వాడుతున్నారు, అయినా ఆపమంటారా అని కంప్యూటర్ అడిగింది. మామూలు టైపిస్టు మాట అది వినక్కర్లేదు. కానీ కూతురు ఆ హక్కు కూడా అందరికీ ఇచ్చేసింది. ఆపమంది. ఆగింది.

కుంటి నడక మరిచిపోయి, అత్తరు కూర్చునే మీటింగ్ రూమ్‌లోకి పరిగెత్తింది. ల్యాప్‌టాప్‌లో కాపీ ఎంతయిందో చూపే పచ్చటి గీత చివరి అంచు దగ్గర నిలిచిపోయి ఉంది. ల్యాప్‌టాప్‌కి గుచ్చి ఉన్న లిప్‌స్టిక్ లిప్‌స్టిక్ కాదు, పెన్ డ్రైవ్. కెమెరా మళ్లీ క్లిక్‌మంది.

అత్తరు తొణకలేదు. "నేను మీ వైపే కదండీ," అంది మెల్లగా ల్యాప్‌టాప్ మూత వేయబోతూ.

"మూత మీద చెయ్యి తియ్యమ్మా," అంది పిన్ని. పిన్ని చీరకుచ్చిళ్లలోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చి ఉంది.

 ఫోటోలు చేరాక చీఫ్ పొడిగా, మేడ మీద పిల్లని వదిలేయమన్నాడు.

అప్పటికే ఆ పిల్లని చేతులు వెనక్కి విరిచి బేడీలు వేసి మెట్ల దాకా దింపారు. బేడీలు విప్పాక అది అక్కడే కూలబడింది. పిన్ని విగ్గు తీసి పక్కన కూర్చుంది. కూతురు ఆ నెరిసిన విగ్గునీ, కళ్లద్దాలనీ, నడుము దగ్గర పిస్తోలునీ ఒక్కొక్కటే చూసింది. ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట అడగలేదు. ఆ గ్రూపులో అందర్నీ వేసింది తనేననీ, ఆ తప్పు రిపోర్టులో రాయమనీ చెప్పింది. ఆమధ్య ఫోన్‌లో మాట్లాడుతున్నది ఇంకో ఉద్యోగం కోసమట.

తర్వాత మణికట్టు రుద్దుకుంటూ అడిగింది. "అమ్మా, నిజం చెప్పు. ఒక్క క్షణమైనా, చేసింది నేనే అనుకున్నావా?"

అబద్ధం పిన్నికి వృత్తి. ఎన్ని దేశాల మనుషులకో కళ్లల్లోకి చూస్తూ చెప్పింది. మెట్ల కింద లిఫ్టు రిపేరువాళ్లు వేషం పూర్తి చేద్దామని కాబోలు, నిజంగానే లిఫ్టు విప్పి కూర్చున్నారు. అత్తరుని తీసుకెళ్లిన జీపు చప్పుడు వీధి చివర అణిగిపోయింది. కాపలావాడు వచ్చి, ఇద్దర్నీ చూసి, దీపాలు ఆర్పకుండానే వెళ్లిపోయాడు. కూతురు ఇంకా తన మొహంలోకే చూస్తోంది.

"అనుకున్నానే," అంది పిన్ని చివరికి. "నువ్వు తుమ్మితే న్యుమోనియా అనుకునేదాన్ని. ఇందులో మాత్రం మంచే ఎలా అనుకుంటాను?"