ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫస్ట్ గేరు

చీకటి పడ్డాక ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర బండి ఆపకూడదని మా వీధిలో అందరికీ తెలుసు. అది మూతపడి ఇరవై ఏళ్ళయింది. గేటు తుప్పు పట్టింది, గోడ మీద పేరు చెరిగిపోయింది. చెడ్డపేరు మాత్రం చెక్కుచెదరలేదు. లారీ వెనక చక్రాల కింద పడి పోయిన కూలీ ఒకడు అక్కడే ఉండిపోయాడనీ, ఆగిన బండినల్లా వెనక్కి లాగుతాడనీ చెప్పుకునేవారు.

ఆ మాట వింటే మా బాబాయి పకపకా నవ్వేవాడు. పగటిపూట.

తర్వాత జరిగింది ఆయనే చెప్పాడు, తనని తనే వెక్కిరించుకుంటూ. దేవుడి సాక్షిగా నేను ఒక్క ముక్క కలపలేదు.

కారు తాతయ్యది. ఇంజను వెనక ఉండే పాతకాలపు బండి. మూడో గేరు వేస్తే గరగరలాడేది, చెయ్యి తీస్తే జారిపోయేది. బాబాయి గేర్‌బాక్స్ ఆయిల్ వంపి చూస్తే అందులో ఇత్తడి పొడి మిలమిలా మెరిసింది.

"లోపల రింగులు అరిగాయి. నేనే విప్పి బిగిస్తా" అన్నాడు. ఆయన ఉద్యోగం బళ్ళో లెక్కలు చెప్పడం.

పది నెలలు గడిచాయి. షెడ్డు నిండా బిస్కెట్ డబ్బాలు, వాటిలో కిరసనాయిల్లో నానుతున్న పళ్ళచక్రాలు. పెద్దనాన్నకి ఓపిక నశించింది. "ఆదివారం పొద్దున్నకి అది తనంతట తాను ముందుకి కదిలిందా, సరే. లేదంటే పాత ఇనుము కొనే ముసలాయన వచ్చి పట్టుకుపోతాడు" అని తేల్చేశాడు.

ఆ రోజు నుంచి నాన్నమ్మ భోజనం సగంలో లేచిపోయేది. ఆ కారు ముందు సీట్లో ఆవిడ నలభై ఏళ్ళు కూర్చుంది.

శనివారం రాత్రి పదకొండింటికి ఆఖరి బోల్టు బిగిసింది. పగలు నడిపి చూస్తే వీధంతా నవ్వుతుందని భయం. షెడ్డు ముందు ఏటవాలు. బాబాయి హ్యాండ్‌బ్రేకు వదిలాడు. బండి చప్పుడు లేకుండా దిగి... దిగి... చదునైన చోట ఆగింది.

ఐస్ ఫ్యాక్టరీ గేటు ముందు మలుపు తిరిగి, దానికి వీపు పెట్టి, పది అడుగుల్లో.

ఇంజను వెంటనే అందుకుంది. ఫస్ట్ గేరు వెన్నలా పడింది. బాబాయి కళ్ళు చెమర్చాయి. మెల్లగా క్లచ్ వదిలాడు —

బండి వెనక్కి కదిలింది.

బ్రేకు తొక్కాడు. మళ్ళీ ఫస్ట్. మళ్ళీ వెనక్కే... మెత్తగా, ఎవరో బంపరు పట్టుకుని లాగుతున్నట్టు. అద్దంలో తుప్పు గేటు దగ్గరవుతోంది. గింజుకుంటే వదులుతాడేమోనని సెకండ్ గేరు వేశాడు. ఇంకా జోరుగా వెనక్కి!

బంపరు గేటుకి తగిలి ఖణేల్‌మంది. ఇంజను ఆగిపోయింది.

"నాయనా..." అన్నాడు బాబాయి. "నీకూ నాకూ ఏ గొడవా లేదు... వదిలెయ్."

తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచాడు. తెలియనివాళ్ళని కూడా.

కిటికీ అద్దం మీద — టక్... టక్.

బాబాయి పెట్టిన కేకకి వీధి చివర కుక్కలు లేచాయి.

"నేనేనండీ" అంది పిన్ని, చేతిలో టార్చితో. "ఎవరితో మాట్లాడుతున్నారు?"

"లాగుతున్నాడే! ముందుకి వేస్తుంటే వెనక్కి లాగుతున్నాడు..."

పిన్ని టార్చి వేసి బండి వెనక చూసింది. ఎవరూ లేరు. టార్చి గేరు రాడ్డు మీదికి తిప్పింది.

"అయితే వెనక్కి వేసి చూడండి."

"మతిపోయిందా? గేటు పగలగొట్టుకుని లోపలికి పోతాం!"

"వేయండి."

ఇంజను మళ్ళీ స్టార్టు చేసి, కళ్ళు మూసుకుని రివర్స్ వేశాడు. బండి బుద్ధిగా ముందుకి నడిచింది.

"విప్పినప్పుడు ఆ పెద్ద పళ్ళచక్రం అటు వైపుండేది కదండీ" అంది పిన్ని నెమ్మదిగా. "మీరు ఇటు బిగించారు. కావాలనే అనుకున్నా."

చక్రం వైపు మారింది, బండి నడక తిరగబడింది. వెనక్కి నాలుగు గేర్లు, ముందుకి ఒక్కటి. మా ఇంటి అభివృద్ధి కూడా సరిగ్గా అదే లెక్క.

మళ్ళీ విప్పి బిగించాలంటే నెల. తెల్లారడానికి ఆరు గంటలు.

పొద్దున్నే పెద్దనాన్నా, పాత ఇనుము ముసలాయనా వీధి మలుపు తిరిగేసరికి కారే ఎదురొచ్చింది. ముందు సీట్లో నాన్నమ్మ, తల దువ్వుకుని, కొంగు సర్దుకుని. రివర్స్ గేరు సన్నగా కూతపెడుతోంది.

"ఏంట్రా ఈ నత్తనడక?" అన్నాడు పెద్దనాన్న.

"అమ్మ ఉంది కదన్నయ్యా. కుదుపు తగలకూడదని..."

"ఇంకో గేరు వెయ్యి, చూద్దాం."

బాబాయి బండి ఆపి గేరు రాడ్డు మీద చెయ్యి వేశాడు, కదపలేదు.

ముసలాయన కిటికీలోంచి తొంగిచూశాడు. రాడ్డు రివర్స్‌లో ఉండటం చూశాడు. బాబాయి మొహం చూశాడు. ఆ పక్కన నాన్నమ్మని చూశాడు. ఆవిడ ఇదేమీ పట్టనట్టు, రోడ్డు వంక చూస్తూ నవ్వుకుంటోంది.

ముసలాయన వెళ్ళి పెద్దనాన్న చెవి దగ్గర నోరు పెట్టాడు.

"ఈ బండి నాకొద్దు బాబుగారూ... ఇందులో ఎవరో ఉన్నారు."

పెద్దనాన్న రెండడుగులు వెనక్కి వేశాడు.