మరక పడని చొక్కా

ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. పక్కకి తిరిగి చూస్తే పద్మిని హాయిగా నిద్రపోతోంది.

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళిచూపులయి వారమైంది. రేపు మా అమ్మ తాంబూలాలతో చికిటిలో వాళ్ళింటికి వెళ్ళాలా వద్దా అన్నది ఈ సాయంత్రంలోగా తేలాలి. ఓ సినిమా చూసి మాట్లాడుకోండని పెద్దవాళ్ళే మమ్మల్ని బరంపురంలో కలవమన్నారు. నా వరకు పెళ్ళిచూపుల రోజే తేలిపోయింది. పాట వచ్చా అని మా అత్తయ్య అడిగితే, "రాదండి, ఇంజక్షన్ బాగా చేస్తాను" అన్న అమ్మాయి నాకు నచ్చకపోవడమేంటి?

పక్కపక్క హాళ్ళలో రెండు తమిళ డబ్బింగులు ఆడుతున్నాయి. రెండూ రౌడీల కథలే. ఒకదాని పోస్టర్ మీద తెల్లచొక్కా, నల్లకళ్ళద్దాలు, వెనకాల పేలుతున్న కార్లు. రెండోదాని మీద చెమట పట్టిన మొహం, మురిక్కాలవ. నేను రెండోదానికే టికెట్లు తీశాను. రెండొందల పన్నెండు మంది చూసే నా యూట్యూబ్ రివ్యూల పోరాటమంతా దీనికోసమే మరి. స్లోమోషన్ గ్యాంగ్‌స్టర్ వద్దు, అసలు మనిషిని చూపించండి అని గొంతు చించుకుంటూంటాను. పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో నర్సుగా చేసే అమ్మాయికి ఇంతకంటే నచ్చేదేముంటుందనుకున్నాను.

"లేచారా?" అన్నాను.

"ఆఁ. ఎంతమంది పోయేరు?"

"ముగ్గురు. మీరు నిద్రపోయారు."

"రెండోవోడు పోయినప్పుడు లేసేనండి. కత్తి బయటికి లాగీసేరు. అలగ లాగకూడదు."

"అదేనండి రియలిజం. వాళ్ళకి తెలీదు కదా. అదే ఆ పక్క సినిమాలో అయితే, నలభైమందిని కొట్టినా హీరో చొక్కా నలగదు."

"నాకు ఆ సొక్కాయే కావాలి" అంది.

నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

"అదంతా అబద్ధమండి."

"అబద్ధమని నాకు తెలీదేటి? రోజూ కత్తెరట్టుకుని సొక్కాలు కోస్తాను. దెబ్బ ఎక్కడ తగిలిందో సూడాలి కదా. మొన్న రంభ ఊరి నుంచి ఒకాయన్ని తెచ్చేరు, తాగి కొట్టుకున్నారంట. కొత్త సొక్కా సిస్టర్, కొయ్యొద్దు అని ఒకటే బతిమాలడం. కోసీసేను. ఆయన బతికేడు. ఆ ముక్కలు సేత్తో పట్టుకుని ఆళ్ళావిడ ఏడిసింది. మరక పడని సొక్కా తెరమీదైనా ఉండనివ్వండి."

తెలివైనవాడు అక్కడ ఆగిపోతాడు. నేను మాత్రం, "అంటే కళ్ళు మూసుకుని బతుకుతానంటారు" అన్నాను.

పద్మిని బ్యాగు భుజాన వేసుకుని లేచింది.

బయట జోరుగా వాన. టీకొట్టు రేకుల కింద బల్ల మీద కూలబడింది. నేను వెనకాలే వెళ్ళి, "భాయ్, దుయిటా చా" అని ఒడియాలో రెండు టీలు చెప్పి, కాస్త దూరంగా కూర్చున్నాను. గ్లాసులు చేతికొచ్చాయి.

"ఫణిభూషణ్ గారూ, నాన్నకి వద్దని సెప్పేస్తానండి" అంది. గొంతులో కోపం లేదు. అందుకే భయమేసింది. "మీరు మంచోరే. కానీ డ్యూటీ దిగి ఇంటికొచ్చేక కూడా ఒకరు ఎదురుగా కూకుని నాకు నిజం సూపిస్తానంటే నా వల్ల కాదు."

"పోనీ, పక్క హాల్లో మీ సినిమాకే వెళ్దాం పదండి."

"ఓపిక లేదండి."

నాకు ఆమె కావాలి. ఆ సంగతి చెప్పడానికి, రివ్యూల్లో నేను వాడే మాట ఒక్కటీ పనికి రాలేదు. నోరు తెరిస్తే నాకు తెలీకుండానే ఇంటి భాష వచ్చేసింది.

"రిజర్వేషన్ కౌంటర్లో కూకుంటాను కదండి. వెయిటింగ్ లిస్టు నేనే ఎట్టినట్టు పొద్దుణ్ణుంచీ తిడతారు. తిరిగి ఒక్క మాట అనను. ఇంటికొచ్చి ఆ కళ్ళద్దాల హీరోని సూస్తే, నా మీద నాకే సిరాకేస్తాది. ఈ సినిమాల్లో ఆళ్ళు తిట్లు తింటారు, పరిగెడతారు, ఓడిపోతారు. ఆళ్ళని సూస్తే, నేనొక్కడినే కాదులే అనిపిస్తాది. రియలిజం గియలిజం అన్నీ తరవాత అతికించుకున్న మాటలు. మీరంటే నాకు ఇష్టం. ఇది మాత్రం అతికించింది కాదండి."

పద్మిని టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఈ ముక్క ముందే సెప్పొచ్చు కదా, క్లాసు పీకీ బదులు."

"ఇప్పటిదాకా నాకే తెలీదండి."

ఆమె ఫోను మోగింది. వాళ్ళ నాన్న వైకుంఠరావు గారు. వాన చప్పుడుకి వినపడక స్పీకర్ పెట్టింది.

"ఏటమ్మా, ఏటనుకున్నారు? కుర్రోడు ఎలాంటోడు?"

పద్మిని నన్ను తేరిపార చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా అంతసేపు చూడలేదు.

"నాలాగే బాగా అలిసిపోయున్నాడు నాన్నా" అంది. "రేపు ఆళ్ళని రమ్మను."