గట్టు మీద వరస

పొద్దున్నే గేదె పాలు పితికి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని శేషారత్నం చేలోకి బయలుదేరింది. గుండుగొలను దాటాక కాలవ గట్టు మరీ సన్నం, ఒక్క మనిషే పట్టే దారి. ముందు భర్త కోదండరామయ్య, భుజాన పారతో. ఆయన వెనక ఆవిడ. ఆవిడ మడమలకి ముక్కు ఆనించి జున్ను. తెల్లటి బొచ్చు, చంకలో ఇమిడే ఒళ్ళు. తాడేపల్లిగూడెంలో కూతురు సాయిదుర్గ ఉండే అపార్ట్‌మెంట్‌వాళ్ళు కుక్కని వద్దంటే ఇక్కడికి చేరింది. ఆ ముగ్గురి వరస ఏనాడూ మారలేదు.

చిక్కంతా ఆ వరసలోనే ఉందని ఆవిడకి నిన్ననే తెలిసింది.

జున్నుకి టీకా వేయించడానికి ఏలూరు వెళ్ళినప్పుడు, వట్లూరు దగ్గర ఖాళీ స్థలంలో కుక్కలు కర్రలమీంచి దూకడం, గుడ్డ సొరంగంలో దూరి అవతల తేలడం చూసింది. ఇక కాళ్ళు కదల్లేదు. దీన్ని అజిలిటీ అంటారనీ, చిన్న కుక్కలకి వేరే పోటీ ఉంటుందనీ అక్కడ నేర్పే ప్రదీప్ చెప్పాడు. యాభై దాటిన వయసులో కుచ్చిళ్ళు పైకి దోపి ఆవిడ పరుగు నేర్చుకుంది. జున్నూ అన్నీ నేర్చింది. పేచీ ఒక్కటే, ఆవిడని దాటి ముందుకి పోదు. కుక్క ముందు పోవాలి, మనిషి వెనకనుంచి చేత్తో దారి చూపాలి, అది కుదరకపోతే వచ్చే నెల ఏలూరు పోటీ మాట మరిచిపొమ్మని ప్రదీప్ తేల్చేశాడు.

ఆ మాటే ఇప్పుడు గట్టు మీద ఎత్తింది.

"ఏవండీ, కొన్నాళ్ళు జున్నుని ముందు నడవనిద్దాం. దాని వెనక నేను. మీరు చివర."

కోదండరామయ్య ఆగిపోయాడు. "నేను కుక్క వెనకాల నడవాలా?"

"నా వెనకాలండీ."

"అది ఇంకా బావుంది."

ఆయన గొంతు లేచింది. మనవల్ని ఆడించే వయసులో మైదానంలో ఆ గెంతులేమిటన్నాడు. ఊరు నవ్వుతుందన్నాడు. కుక్కని తీసుకెళ్ళి సాయిదుర్గ గుమ్మంలో దింపి వస్తానన్నాడు. పక్క చేలో దమ్ము చేస్తున్న ట్రాక్టరు కూడా ఆగింది.

శేషారత్నం ఫ్లాస్కు ఆయన చేతిలో పెట్టింది.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ వీపే చూస్తూ నడిచానండీ. కష్టమనుకోలేదు. నాకంటూ ఒక సరదా పుట్టింది ఇప్పుడే. అది మీకు నవ్వులాటైతే, చేలోకి ఇక మీరొక్కరే వెళ్ళండి."

వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టింది. జున్ను ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆవిడ వెనకే పోయింది.

ఆ తర్వాత ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాట లేదు. నువ్వు లేకుండా నాన్నకి గట్టు మీద కాళ్ళాడట్లేదటమ్మా అని సాయిదుర్గ ఫోన్లో రాయబారం నడిపినా ఆవిడ మెత్తబడలేదు. ఒక పొద్దున పాలు పితికి వచ్చేసరికి కోదండరామయ్య పార పట్టుకుని వీధిలో నిలబడి ఉన్నాడు. గట్టుదాకా ముందు నడిచి, అక్కడ పక్కకి తప్పుకున్నాడు.

"నడు," అన్నాడు ఎటో చూస్తూ.

జున్నుకి ఈ ఏర్పాటు నచ్చలేదు. వెనక్కి దూరబోయిన ప్రతిసారీ ఆయన కాళ్ళు అడ్డం పెట్టాడు. రానురాను అది తోక ఎత్తుకుని, పొలం తన పేరనే ఉన్నట్టు ముందు పోసాగింది. ఎదురొచ్చిన పక్కింటి సూర్యకాంతం, ఇదేం ఊరేగింపు బాబాయిగారూ అని వేళాకోళమాడితే, "దానికి చదువు చెబుతున్నామమ్మా, కాస్త దారి ఇవ్వు," అన్నాడాయన.

పోటీనాడు ఏలూరు మైదానం కార్లలో దిగిన కుక్కలతో నిండిపోయింది. ఒక పక్క దువ్విన బొచ్చులతో అందాల ప్రదర్శన, ఇంకో పక్క పరుగుల బరి. ఈల వినగానే జున్ను మొదటి కర్ర దూకింది, రెండోదీ దూకింది. సొరంగం ముందు ఆగి, వెనక్కి చూసింది.

శేషారత్నం అడుగు వెయ్యబోయి ఆగింది. తను ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, అది వెనక చేరిపోతుంది. ఉన్నచోటే నిలబడి చెయ్యి చాచింది.

"పో నాన్నా, నేనున్నాగా."

తెల్లటి ఉండ సొరంగంలో మాయమై అవతల తేలింది. ఇక ఆగలేదు. పాతిన కర్రల మధ్య మెలికలు, ఊగే బల్ల, ఆఖరి గెంతు. చెంగు బిగించి ఆవిడ వెనకే పరిగెత్తింది. ఒక్క కర్రా కింద పడలేదు.

"చిన్న కుక్కల్లో ప్రథమ బహుమతి, కోదండరామయ్య గారి జున్ను," అంది మైకు, దరఖాస్తులో యజమానిగా రాసిన పేరు చదివి.

చప్పట్ల మధ్య ఆవిడ భర్తకోసం చూసింది. కంచె దగ్గర లేడు. జనంలో సిగ్గుపడి వెళ్ళిపోయాడేమోనని మనసు చివుక్కుమంది. అంతలో నిర్వాహకుల బల్ల దగ్గరనుంచి ఆయన గొంతే మైకులో పడింది.

"నడిపింది నేను కాదండీ, మా ఆవిడ. శేషారత్నం. ఆ పేరుతో మళ్ళీ చదవండి."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట తన పేరు వినడం అదే మొదలు. మైకు గరగరలాడి, శేషారత్నం గారి జున్ను అని మైదానమంతా వినిపించింది.

బహుమతి అందుకోడానికి ఆవిడకి చేతులు ఖాళీ లేవు. ఒక చేతిలో కుక్క, ఇంకో చేతిలో కళ్ళు తుడుచుకునే కొంగు. కప్పు కోదండరామయ్యే మోశాడు.